ఎల్లాప్రగడ సుబ్బారావు విదేశీ వైద్యవిద్య - ధర్మసహాయం

ఎల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రజ్ఞుడు. ఈయన అమెరికా వెళ్ళి ఉష్ణమండల వైద్యశాస్త్రం చదవడానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, ఈయన మామగారు, కొందరు మిత్రులు ఆర్థికంగా తోడ్పడ్డారు. ఆ చదువు ఫలితంగా తరువాతి కాలంలో వెలువడిన మందుల్లో బోదకాలు వ్యాధికి వాడే డై ఇథైల్ కార్బమజైన్ (డి.ఇ.సి.) ఒకటి. జమ్మికుంట పట్టణం ఉన్న కరీంనగర్ జిల్లాతో సహా బోదకాలు వ్యాపించిన అనేక జిల్లాల్లో ప్రభుత్వం ఇంటింటికీ పంచిన మాత్ర ఇదే. సుబ్బారావు జీవితచరిత్ర, ఈయన పరిశోధనలన్నిటి వివరణ ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒక విద్యార్థి విదేశీ వైద్యవిద్యకు తెలుగునాట అందిన సహాయం ప్రజారోగ్యానికి ఏ విధంగా తిరిగి వచ్చిందో, ఆ రాక ఎక్కడ ఆగిపోతున్నదో తెలుపడం ఇందులోని విషయం.

నేపథ్యము

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. కుటుంబం పేదది. చదువు మీద మొదట శ్రద్ధ చూపని ఈ కుర్రవాడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడిద్దామని ఇల్లు విడిచి పారిపోయాడని, దారిలోనే పట్టుబడి వెనక్కు వచ్చాడని చెబుతారు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో, మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి గాని గట్టెక్కలేదు. ఒకటి రెండుసార్లు తప్పిన విద్యార్థిని మందమతి అని కొట్టివేసే ఉపాధ్యాయులు ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. అక్కడ చదువు ఖర్చులు స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తి కొంత భరించారు. 1919లో సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహమాడాడు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళడంతో ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. వ్రాత పరీక్షల్లో బాగానే వ్రాసినా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. ఈ తక్కువ పట్టా వలన కలిగిన చిక్కు ఈయనను అమెరికా వరకూ వెంటాడింది.

మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే అధ్యాపకుడుగా చేరాడు. (లక్ష్మీపతి భార్య ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్న దేశభక్తురాలు, 1946-47లో మద్రాసు రాష్ట్ర ఆరోగ్య మంత్రిగా పనిచేసింది.) ఈ కాలానికి ముందువెనుకలుగా సుబ్బారావు ఇంట పెద్ద విషాదం జరిగింది. ఈయన సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఇది ఉష్ణదేశాల్లో కనిపించే జబ్బు. తిన్న ఆహారం ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణిస్తుంది. సుబ్బారావు స్వయంగా అదే జబ్బు పడి లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. నాటి పాశ్చాత్య వైద్యానికి స్ప్రూ కారణమే తెలియదు. ఉష్ణమండల వ్యాధుల మీద ఈయనకు ఏర్పడిన పట్టుదలకు మూలం పుస్తకాల్లో కాక సొంత ఇంట్లోనే ఉన్నది.

అమెరికా ఆలోచన

ఆ రోజుల్లో అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషను (స్థాపన 1913) కొంకి పురుగు వ్యాధి నివారణకు మద్రాసు రాష్ట్రంలో పనిచేస్తుండేది. ఈ పురుగు చెప్పులు లేని కాళ్ళ చర్మం గుండా ప్రవేశించి పేగుల్లో చేరి రక్తం పీలుస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల ప్రత్తిచేలల్లో కూలీలను పీడించిన వ్యాధి ఇదే కావడం వలన, 1909లో అక్కడ ఆరంభించిన పనినే రాక్‌ఫెల్లర్ ధనంతో ఇతర దేశాలకు విస్తరించారు. ఆ పని మీద వచ్చిన జాన్ ఫాక్స్ కెండ్రిక్ అనే అమెరికా వైద్యునితో పరిచయం కలిగిన తరువాత సుబ్బారావుకు హార్వర్డు విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య విద్యాలయం మీద మనసు పోయింది. ఆ విద్యాలయాన్ని రిచర్డ్ స్ట్రాంగ్ నడుపుతుండేవాడు. ప్రవేశం దొరికింది గాని, ఉపకార వేతనం దొరకలేదు.

అంటే, అమెరికా ధనికుని దాతృత్వం ఈ యువకునికి దారి చూపిందే తప్ప దారి ఖర్చు ఇవ్వలేదు. ఆ భాగం తెలుగుదేశమే చూసుకోవలసి వచ్చింది.

సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ

మల్లాడి సత్యలింగ నాయకర్ కోరంగి ప్రాంతం నుండి బర్మా వెళ్ళి రంగూనులో వ్యాపారం చేసి విశేషంగా ధనం గడించిన తెలుగువాడు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. అక్కడి నుండి, కాకినాడ నుండి వేలాది మంది కూలీలు, కళాసీలు బర్మాకు వలస పోయేవారు. బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అని పిలవడం ఇందువల్లనే. అట్లా సముద్రం దాటి సంపాదించిన ధనాన్ని నాయకర్ తన మరణశాసనం ద్వారా ధర్మకార్యాలకు కేటాయించాడు. ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ అనే పేరుతో కాకినాడలో వెలసిన ఈ సంస్థ విద్యకు ప్రాధాన్యం ఇచ్చింది. కాకినాడలోని ఎం.ఎస్.ఎన్. విద్యాసంస్థలు ఈయన పేరు మీదివే.

మన ప్రాంతాల్లో దానం అనగానే గుడి, సత్రం, చెరువు, బావి, అన్నదానం గుర్తుకు వస్తాయి. విద్యాదానం అన్నా ఊళ్ళో బడి కట్టించడమే. ఒక యువకుణ్ణి పరదేశంలో చదివించడానికి ధర్మనిధి నుండి సొమ్ము ఇవ్వడం ఆనాటికి అరుదైన సంగతి. దాతకు కనపడే కట్టడం ఉండదు, శిలాఫలకం ఉండదు. చదివినవాడు తిరిగి వస్తాడన్న పూచీ కూడ లేదు. ఓడ ప్రయాణం చేసి ధనికుడైన వ్యక్తి సొమ్ము మరొక ఓడ ప్రయాణానికి ఉపయోగపడడం బహుశా యాదృచ్ఛికం కాదు.

సుబ్బారావుకు ఈ సంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. దానికి తోడు మామగారు సూర్యనారాయణమూర్తి మరికొంత సొమ్ము సమకూర్చాడు. ఈ రెండింటి ఆధారంతో 1920ల తొలి సంవత్సరాల్లో ఈయన బోస్టను నగరం చేరాడు. కాబట్టి కేవలం ధర్మసంస్థ పంపించిందని చెప్పడం పొరపాటు. కేవలం మామగారు పంపించాడని చెప్పడమూ పొరపాటే. పేద విద్యార్థుల చదువులు ఇట్లా నాలుగు చేతుల మీదుగానే సాగుతాయి. భర్త మూడేళ్ళలో తిరిగి వస్తాడని ఎదురుచూసిన శేషగిరికి ఆయన మరల కనపడలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు శైశవంలోనే మరణించాడు. ఈ సహాయంలో ఆమె వంతు ఏ ధర్మసంస్థ లెక్కల్లోనూ చేరలేదు.

హార్వర్డులో

ఎల్.ఎం.ఎస్. పట్టాతో అమెరికా ఆసుపత్రిలో వైద్యుడుగా పనిచేసే అవకాశం లేకపోయింది. బోస్టనులోని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరి, ఆ కూలితో పూట గడుపుకున్నాడు. పగలు చదువు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత అదే విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కే వద్ద జీవరసాయన శాస్త్రంలో పరిశోధకుడుగా చేరాడు.

అక్కడ చేసిన పనిని క్లుప్తంగా చెప్పాలంటే - రక్తంలోను ఇతర ద్రవాల్లోను భాస్వరం ఎంత ఉన్నదో రంగు తేడా ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో జీవరసాయన శాస్త్రం చదివిన ప్రతివారికీ ఇది పరిచితమే. అదే పద్ధతితో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని (1927), ఆపైన ఎ.టి.పి. అనే పదార్థాన్ని (1929) కనుగొన్నారు. ఎ.టి.పి.ని అదే సంవత్సరంలో జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడ విడిగా కనుగొన్నాడు. జీవకణాలు శక్తిని ఖర్చుపెట్టే నాణెం వంటిది ఎ.టి.పి. 1930లో సుబ్బారావుకు పి.హెచ్‌.డి. లభించింది. కాని హార్వర్డులో స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, కొద్దికాలానికే అక్కడి పరిశోధనలన్నిటికీ సంచాలకుడయ్యాడు.

ఫోలిక్ ఆమ్లము

లెడర్లీలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆకుకూరల్లో ఉండే బి విటమినుల్లో ఇది ఒకటి. పాలకూర జాతి ఆకుల నుండి వేరుచేశారు గనుక లాటిన్ భాషలో ఆకు అనే అర్థం గల మాట నుండి ఆ పేరు వచ్చింది. ఈ ఆమ్లం స్ప్రూ వ్యాధిలోని రక్తహీనతను నయం చేస్తుందని వెంటనే తేలింది. తన సోదరులను చంపిన వ్యాధికి మందు తన ప్రయోగశాలలోనే తయారు కావడం సుబ్బారావు జీవితంలోని విశేషం.

ఇక్కడ మరొక పేరు చెప్పాలి. ఇంగ్లండుకు చెందిన లూసీ విల్స్ అనే వైద్యురాలు 1928 నుండి బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలోని ఏదో పదార్థం ఆ జబ్బును నయం చేస్తున్నదని నిరూపించింది. ఆ పదార్థం ఫోలిక్ ఆమ్లమేనని తరువాత తెలిసింది. ఆమె భారతదేశంలో చేసిన పనికి చాలవరకు లేడీ టాటా స్మారక నిధి ధనసహాయం చేసింది. అనగా, ఒకే విటమిను విషయంలో కాకినాడ సొమ్ముతో ఒక తెలుగువాడు పడమరకు వెళ్ళాడు. బొంబాయి సొమ్ముతో ఒక ఆంగ్లేయురాలు తూర్పున పనిచేసింది. ఇద్దరూ కలుసుకున్నట్లు లేదు గాని, ఇద్దరి పనీ ఒకే మాత్రలో చేరింది.

గర్భిణులకు ఇచ్చే ఇనుము-ఫోలిక్ ఆమ్లం మాత్రలు 1970 నుండి జాతీయ కార్యక్రమంగా పంపిణీ అవుతున్నాయి. కౌమార వయస్సు విద్యార్థులకు వారానికి ఒకటి చొప్పున పాఠశాలల్లో ఇచ్చే నీలిరంగు మాత్రల్లోనూ ఉన్నది ఈ ఆమ్లమే. ఆ మాత్ర చేతిలో పెట్టేటప్పుడు పిల్లలకు సుబ్బారావు పేరు చెప్పే ఉపాధ్యాయులు తక్కువ. చెబితే రెండు నిమిషాల పని.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడ లెడర్లీలో తయారుచేశారు. వాటిలో అమైనోప్టెరిన్‌తో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సరును తాత్కాలికంగా అదుపులోకి తెచ్చినట్లు 1948లో ప్రకటించాడు. దాని దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సరుకు, కీళ్ళవాతానికి వాడుకలో ఉన్నది.

డై ఇథైల్ కార్బమజైన్

బోదకాలు దోమ ద్వారా వ్యాపించే వ్యాధి. మన దేశంలో దీనికి ముఖ్య కారణం ఉచెరేరియా బాంక్రాఫ్టి అనే దారం వంటి పురుగు. క్యూలెక్స్ జాతి దోమ మురుగు కాలువల్లో, మోరీల్లో, మూత సరిగా లేని మరుగుదొడ్డి గుంతల్లో పెరుగుతుంది. పురుగులు మనిషి శరీరంలోని శోషరస నాళాల్లో ఏళ్ళ తరబడి నివసించి, మైక్రోఫైలేరియా అనే సూక్ష్మమైన పిల్లలను రక్తంలోకి వదులుతాయి. ఇవి పగలు ఊపిరితిత్తుల్లో దాగి రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి. అందువల్లనే ఆరోగ్య సిబ్బంది రాత్రివేళ ఇళ్ళకు వచ్చి రక్తం తీసుకుంటారు. దీనిని గురించి పల్లెల్లో అనేక అపోహలు పుట్టడం సహజమే.

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ ద్వీపాలకు వెళ్ళిన అమెరికా సైనికులు వేల సంఖ్యలో ఈ వ్యాధి బారిన పడ్డారు. అంతవరకు వాడుకలో ఉన్న అంజన లోహపు మందులు విషపూరితమైనవి. సైనికుల కోసం మొదలైన అన్వేషణలో లెడర్లీ శాస్త్రజ్ఞులు హెవిట్, కుష్నర్ తదితరులు అనేక రసాయనాలను పత్తి ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షించి 1947లో డి.ఇ.సి.ని ప్రకటించారు. అదే సంవత్సరం పోర్టోరికోలో మనుషుల మీద ప్రయోగ ఫలితాలు వెలువడ్డాయి. దీని వ్యాపార నామం హెట్రజాన్.

సుబ్బారావు ఒక్కడే ఈ మందును కనుగొన్నాడని తెలుగు పత్రికల్లో వ్రాయడం కద్దు. అది సరికాదు. ఈయన పరిశోధన సంచాలకుడు; దిశ నిర్దేశించినవాడు, మనుషులను, పరికరాలను సమకూర్చినవాడు. బల్లముందు కూర్చొని పనిచేసినవారు వేరు. ఆరియోమైసిన్ అనే మందు విషయమూ అంతే: దానిని కనుగొన్న వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్. సుబ్బారావు గొప్పతనానికి ఇతరుల వాటా కలుపవలసిన అవసరం లేదు.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించాడు. వయస్సు 53 సంవత్సరాలు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఈయన స్మారక బిళ్ళ విడుదల చేసింది.

కరీంనగర్ జిల్లాలో

భారతదేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలయింది. మొదట రక్తంలో మైక్రోఫైలేరియా కనపడినవారికి మాత్రమే పన్నెండు రోజుల పాటు డి.ఇ.సి. ఇచ్చేవారు. వ్యాధి ఉన్నవారినందరినీ రాత్రి రక్తపరీక్షలతో వెదికి పట్టడం అసాధ్యమని అనుభవం మీద తెలిసింది. మందును ఉప్పులో కలిపి ఇచ్చే పద్ధతిని లక్షద్వీప్‌లోను (1976-80), కారైకాల్‌లోను పరీక్షించారు. చైనా ఇదే పద్ధతిని విస్తారంగా వాడి 2007లో బోదకాలు నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది. ఏడాదికి ఒక్క మోతాదు ఇచ్చినా మైక్రోఫైలేరియా సంఖ్య బాగా తగ్గుతుందని తేలిన తరువాత, 2004లో మన దేశంలోని 202 జిల్లాల్లో సామూహిక మందుల పంపిణీ మొదలయింది. కొన్నేళ్ళకు దానితో పాటు ఆల్బెండజోల్ కూడ ఇవ్వసాగారు.

ఉత్తర తెలంగాణలో కరీంనగర్ జిల్లా ఈ వ్యాధి పాతుకొని ఉన్న ప్రాంతం. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు కరీంనగర్, చిత్తూరు, ఉభయ గోదావరి జిల్లాల్లో ఈ వ్యాధి మీద అధ్యయనాలు చేశారు. ఇల్లు, మురుగు, ఆదాయం వంటి విషయాలకు వ్యాధితో ఉన్న సంబంధాన్ని వారు పరిశీలించారు. పత్తి మార్కెట్టుకు పేరు పొందిన జమ్మికుంట వంటి చిన్న పట్టణాల్లో జనం పెరిగినంత వేగంగా మురుగునీటి వసతి పెరగదు. క్యూలెక్స్ దోమకు అంతకు మించిన సౌకర్యం అక్కరలేదు.

మోతాదు వయస్సును బట్టి ఉంటుంది. రెండు నుండి అయిదేళ్ళ వారికి 100 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఆరు నుండి పద్నాలుగేళ్ళ వారికి రెండు, పదిహేనేళ్ళు దాటినవారికి మూడు. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. పరగడుపున మింగరాదు. రక్తంలో మైక్రోఫైలేరియా ఉన్నవారికి మందు మింగిన తరువాత జ్వరం, తలనొప్పి, దురద కలుగవచ్చు. చనిపోతున్న క్రిముల వలన కలిగే బాధ అది. అంటే, మందు పనిచేస్తున్నదనడానికి గుర్తు. కాని గ్రామంలో ఒకరికి జ్వరం వస్తే ఆ సాయంకాలానికి వాడ అంతా "గోలీలు వేసుకోవద్దు" అనే మాట పాకుతుంది.

ఈ కార్యక్రమంలోని అసలు లోపం ఇదే. మాత్ర పుచ్చుకున్నవారు వేరు, మింగినవారు వేరు. పంపిణీ లెక్కలో రెండూ ఒకటిగా కనపడతాయి. ఆశా కార్యకర్త ఎదుట చేయి చాచి తీసుకొని, ఆమె గడప దాటగానే గూట్లో పెట్టేవారు, పెరట్లో పారవేసేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. "నాకు కాలు వాయలేదు కదా, నాకెందుకు" అన్నది సాధారణంగా వినపడే ప్రశ్న. సమాధానం సులభమే: కాలు వాచిన తరువాత ఈ మందు ఆ కాలును తిరిగి మామూలు చేయలేదు. వాపు లేనివాని రక్తంలో తిరిగే క్రిములే దోమ ద్వారా పక్కింటి పిల్లవానికి చేరతాయి. మందు ఉద్దేశం ఆ దారిని మూసివేయడం. పాఠశాలల్లో మధ్యాహ్న భోజనం తరువాత ఉపాధ్యాయుని ఎదుటనే మింగించడం మేలైన పద్ధతి. నాలుక కింద దాచే విద్యకు మన పిల్లలు పేరుపడ్డవారు గనుక నోరు తెరిపించి చూడడం కూడ అవసరమే.

వ్యాప్తి ఆగినదో లేదో తెలుసుకోవడానికి ఆరేడేళ్ళ పిల్లల రక్తంలో పురుగు జాడలను పరీక్షిస్తారు. మందుల పంపిణీ మొదలయిన తరువాత పుట్టిన ఆ పిల్లల్లో వ్యాధి లేకపోతే వ్యాప్తి ఆగినట్లు లెక్క. నిర్మూలనకు భారత ప్రభుత్వం పెట్టుకున్న గడువులు 2015, 2017, 2020 ఒకదాని తరువాత ఒకటి దాటిపోయాయి. తరువాత పెట్టుకున్న గడువు 2027. పంపిణీ సరిగా జరగని చోట్ల, జరిగినా మాత్రలు మింగని చోట్ల వ్యాధి నిలిచిపోవడం ఇందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. 2018 నుండి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్‌ను కూడ చేర్చి మూడు మందులు కలిపి ఇస్తున్నారు.

ఇప్పటికే కాళ్ళు వాచినవారి సంగతి వేరు. వారికి కావలసినది ప్రతిదినం కాలు సబ్బుతో కడుక్కొని తుడుచుకొని, వ్రేళ్ళ సందుల్లో పుండ్లు పడకుండా చూసుకోవడం. ఈ రోగులు కూలి పనికి పోలేరు. తెలంగాణ ప్రభుత్వం 2018లో బోదకాలు బాధితులకు ఆసరా పింఛను మంజూరు చేసింది. మొదట నెలకు 1000 రూపాయలు, 2019 నుండి 2016 రూపాయలుగా ఇవ్వసాగింది.

ప్రపంచవ్యాప్త దాతృత్వం

1997లో ప్రపంచ ఆరోగ్య సభ బోదకాలు నిర్మూలనకు తీర్మానించింది. 2000లో ప్రపంచ కార్యక్రమం మొదలయింది. అప్పటికి సుమారు 12 కోట్ల మందికి వ్యాధి సోకగా, 4 కోట్ల మంది అవయవాలు వికృతమై ఉన్నారని అంచనా. ఈ కార్యక్రమానికి ఆల్బెండజోల్‌ను గ్లాక్సో సంస్థ, ఐవర్‌మెక్టిన్‌ను మెర్క్ సంస్థ ఉచితంగా ఇస్తున్నాయి. నాణ్యమైన డి.ఇ.సి. మాత్రలకు కొరత ఏర్పడగా జపాను దేశపు ఐసాయ్ సంస్థ 220 కోట్ల మాత్రలు ఉచితంగా ఇస్తానని ఒప్పుకున్నది. 2012 జనవరిలో లండనులో ఔషధ సంస్థలు, దాతృత్వ సంస్థలు, ప్రభుత్వాలు కలసి చేసిన ప్రకటనలో ఇది భాగం. 2013 నుండి మాత్రలు సరఫరా అవుతున్నాయి.

తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం ఏమంటే, ఆ మాత్రలు తయారవుతున్నది విశాఖపట్నంలోని ఐసాయ్ కర్మాగారంలో. కాకినాడ నుండి విశాఖ దూరం రైలులో రెండు మూడు గంటలు. కాకినాడ ధర్మనిధి సాయంతో అమెరికా చేరిన వ్యక్తి నాయకత్వంలో వెలువడిన మందు, డెబ్భై ఏళ్ళలోపే అదే తీరాన తయారై ఇండొనీషియా వంటి దేశాలకు ఉచితంగా వెళ్ళింది. ఒక్క మాట: ఆఫ్రికాలో నదీ అంధత్వం అనే మరొక పురుగు వ్యాధి ఉన్న ప్రాంతాల్లో డి.ఇ.సి. వాడరు. ఆ పురుగు పిల్లలు కంటిలో చనిపోతే చూపుకే ప్రమాదం గనుక అక్కడ ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ ఇస్తారు.

ఔషధ సంస్థల దానాన్ని గురించి విమర్శ లేకపోలేదు. పేటెంటు కాలం ముగిసిన చవక మందును ఇవ్వడం పెద్ద త్యాగం కాదని కొందరి వాదన. అయితే పేద దేశం ఆ చవక మందును కూడ వేళకు, నాణ్యతతో సమకూర్చుకోలేకపోయినదన్నది వాస్తవం.

తెలుగునాట ఇతర ఉదాహరణలు

విదేశీ వైద్యవిద్యకు, ప్రజారోగ్యానికి ముడిపడిన దాతృత్వం తరువాతి కాలంలోనూ కనపడుతుంది. సినిమా నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ (1908 - 1994) కుటుంబం ఇచ్చిన భూమి, ధనం ఆధారంగా హైదరాబాదులో నేత్రవైద్య సంస్థ వెలసింది. దాని వ్యవస్థాపకుడు డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గుంటూరులో, ఢిల్లీలో చదివి, అమెరికాలో బోస్టను, రోచెస్టరు నగరాల్లో ఉన్నత శిక్షణ పొంది 1980లలో తిరిగి వచ్చినవాడు. సుబ్బారావుకు స్వదేశంలో లభించని అవకాశం ఈయనకు లభించింది. ఆ సంస్థ ఇతర దేశాల వైద్యులకు శిక్షణ ఇస్తున్నది. పల్లె ప్రజల కోసం నెలకొల్పిన తొలి గ్రామీణ కేంద్రం 1996లో ఆదిలాబాదు జిల్లా ముధోల్‌లో (2016 నుండి నిర్మల్ జిల్లా) ఆరంభమయింది. అదే సంవత్సరం మొదలుపెట్టిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేలో ఆదిలాబాదు జిల్లా కూడ ఉన్నది. 10,293 మందిని పరీక్షించగా నూటికి 1.84 మంది అంధులని, వారిలో సగానికి పైగా శుక్లం వలన గాని, కళ్ళద్దాలతో సరిచేయగల దృష్టిలోపం వలన గాని చూపు పోగొట్టుకున్నవారని తేలింది.

నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రి అంతకంటె పాతది. స్కాట్లండు నుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ దీనిని నెలకొల్పగా, నిజామాబాదు ధనికుడు రాజా నర్సాగౌడ్ పెద్ద మొత్తం విరాళమిచ్చాడు. మెథడిస్టు మిషను వారి ఆసుపత్రికి హిందూ దాత సొమ్ము ఇవ్వడం ఆ రోజుల్లో అందరినీ ఆకర్షించింది.

ఇవీ చూడండి

ఎల్లాప్రగడ సుబ్బారావు
బోదకాలు
ఫోలిక్ ఆమ్లము
కోరంగి
జమ్మికుంట